చద్దన్నమా, టిఫినా? ఏ కాలానికి ఏది మేలు?

మా ఇంట్లో ఏటా రోహిణి కార్తె వచ్చేసరికి ఒక తగువు మొదలవుతుంది. రోళ్ళు పగిలే ఎండల్లో పొయ్యి ముందు నిలబడి అట్లు పొయ్యడం తనవల్ల కాదంటుంది అమ్మ. పొద్దున్నే చద్దన్నం తింటే ఆఫీసులో కునుకొస్తుందంటాడు తమ్ముడు. షుగరూ బీపీ రెండూ ఉన్న నాన్నకి మాత్రం మీగడ పెరుగేసి కలిపిన చద్దన్నం, పక్కన కొత్తావకాయ ముక్క ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. తీర్పు చెప్పమని ముగ్గురూ నా మీద పడతారు. ఇలాంటివి చదివే పిచ్చి ఇంట్లో నాకొక్కదానికే ఉంది మరి.

చద్దన్నం అని అందరం ఒకే మాట వాడతాం గానీ మా భీమవరం వైపు ఇళ్ళల్లో నేను చూసినవే మూడు రకాలు. రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెలో మూతపెట్టి వదిలేసి, పొద్దున పెరుగు కలుపుకోవడం ఒకటి. అన్నం మునిగేలా నీళ్ళు పోసి నానబెట్టి, ఆ నీళ్ళతోనే ఉల్లిపాయ నంజుకుని తినడం ఇంకొకటి. మా మామ్మది మూడో పద్ధతి. వేడి తగ్గిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, రెండు చెంచాల మజ్జిగతో తోడుపెట్టి, మట్టికుండలో ఉంచేది. తెల్లారేసరికి అన్నంతో సహా పెరుగు తోడుకుని ఉండేది. మొదటిదాన్ని చద్దన్నం అనడానికి నాకు మనసొప్పదు. అది ఉత్త మిగులన్నం.

ఈ తేడా రుచికి సంబంధించింది మాత్రమే కాదు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి లేచి పెరుగుతాయి, విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి పొద్దున పోపేసి పులిహోర చేసేశాం కదా అని ధీమాగా ఉండటానికి లేదు. తోడుపెట్టిన అన్నంలో మజ్జిగలోని లాక్టిక్ బ్యాక్టీరియా ముందే చోటు పట్టేసి పులుపు పెంచుతుంది, ఆ పులుపులో చెడు జీవులకి ఎదుగుదల కష్టం. మామ్మకి ఈ పేర్లేవీ తెలియవు. "తోడు వెయ్యని చద్ది పిల్లలకి పెట్టకే" అనేది, అంతే.

ఇనుము సంగతీ తేల్చేయాలి. ఫోన్లో తిరిగే ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది: 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము, రాత్రంతా నానితే 73.91 అవుతుందట. అంటే ఇరవై రెట్లకి పైగా! ఇనుము మూలకం, దాన్ని ఏ బ్యాక్టీరియా పుట్టించలేదు. నీళ్ళలోంచో ఇనప గిన్నెలోంచో వచ్చి కలిస్తే తప్ప, రాత్రి ఎంతుందో పొద్దున్నా అంతే. అసలు పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకి ఒక్క మిల్లీగ్రాము కూడా ఉండదు. పులిసినప్పుడు జరిగేది వేరు. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమునీ జింకునీ పట్టుకుని ఒంటికి అందనివ్వదు. పులిస్తే ఆ పట్టు కొంత సడలుతుంది, ఉన్న కాస్తలో కొంచెం ఎక్కువ ఒంటబడుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ళు ఈ లెక్క నమ్మి మాత్రలు మానేస్తారేమోనని నా భయం. (రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చిన గింజలు కలిపి ఇచ్చారు. మా వీధిలో వాటిని ప్లాస్టిక్ బియ్యమని చాటల్లో ఏరి పారేశారు. ఇనుము కావాలనుకునేవాళ్ళు చెయ్యకూడని పని అది.)

మరి వేసవిలో ఏది మేలంటే, నా ఓటు తోడుపెట్టిన చద్దన్నానికే. కారణం మాత్రం ఇనుము కాదు, నీళ్ళూ ఉప్పూ. మాది సముద్రం గాలి తగిలే నేల. ఉక్కపోతలో చెమట కారుతుందే గాని ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. పల్చగా మజ్జిగ పోసి ఉప్పేసుకున్న చద్దన్నం ఆ రెండూ తిరిగిస్తుంది, పైగా పొయ్యి వెలిగించక్కర్లేదు. వంటింట్లో అమ్మకి తగ్గే ఆ గంట వేడిని ఏ పోషకాల పట్టికా లెక్కలోకి తీసుకోదు. దీంతో పోలిస్తే మే నెలలో నూనెలో వేగిన పూరీ, గారె కడుపులో బరువు, దాహం ఎక్కువ. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

నాన్న దగ్గరికొచ్చేసరికి ఈ తీర్పు మారుతుంది. రోజుకి ఉప్పు మొత్తం 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే సుమారు ఒక చిన్న చెంచా. ఎండలో చెమటోడ్చే మనిషికి ఆవకాయ చెల్లుతుంది గానీ, ఫ్యాను కింద పేపరు చదువుకునే బీపీ మనిషికి చెల్లదు. ఇక అన్నం సంగతి. వండి చల్లార్చిన అన్నంలో పిండిపదార్థం కొంత అరగని రూపంలోకి మారుతుంది కాబట్టి షుగరు కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది, నిజమే. ఆ "కాస్త"ని చూపించి నాన్న రెండో గిన్నె పెట్టించుకుంటారు. మా తాతయ్య చద్ది తిని దాళ్వా చేలో మధ్యాహ్నం దాకా వంగి పనిచేసేవారు. నాన్నకి గిన్నె అదే, పని లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది. మూడు పూటలా అన్నం తిని, సాయంత్రం అటుకులు తినే మన డెల్టాలో ఆ గీత మధ్యాహ్నానికే దాటేస్తామేమో.

బియ్యం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. 1982లో మన మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ రకం వరి, అదే ఎంటీయూ 7029, దేశంలో లక్షల ఎకరాల్లో పండింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాల బియ్యాన్ని పరీక్షిస్తే గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగరు ఎంత తొందరగా ఎక్కుతుందో చెప్పే అంకె, 48 నుంచి 92 దాకా వచ్చింది. తక్కువగా ఉన్నవాటిలో స్వర్ణ ఒకటి. మనమేమో స్వర్ణ పండించి మిల్లుకి తోలేసి, తినడానికి సన్నబియ్యం బస్తా కొంటాం. నాన్నకి అన్నం తప్పదంటే నేనడిగేది ఈ ముతక బియ్యమే. దానికి అమ్మ ఒప్పుకుంది, నాన్న ఇంకా ఒప్పుకోలేదు.

వానలు పడ్డాక చద్దన్నం పక్కన పెట్టేస్తాను. ఇది నా కడుపు నేర్పిన పాఠం. ఓ శ్రావణమాసంలో ముసురు పట్టిన రాత్రి, తోడు వెయ్యడం మర్చిపోయి ఉత్త నీళ్ళు పోసి పెట్టాను. బిందెలో నీళ్ళు, కాచినవి కావు. పొద్దున తింటే బాగానే ఉంది. సాయంత్రానికి వాంతులు, రెండు రోజులు ఓఆర్‌ఎస్ నీళ్ళతోనే గడిచాయి. తప్పు నాదే. వానాకాలంలో కాలవ నీళ్ళూ బోరు నీళ్ళూ ఎలా ఉంటాయో తెలిసీ చేశాను.

అందుకే ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఇడ్లీ వైపు. రెండు పాళ్ళు రవ్వ, ఒక పాలు మినప్పప్పు. లైసిన్, మెథియోనిన్ అని మాంసకృత్తుల్లో ఉండే భాగాలు. బియ్యంలో కొదవగా ఉండే లైసిన్ మినుముల్లో ఉంది, మినుముల్లో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది, కలిపితే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. పిండి పులిసినా చివరికి ఆవిరి మీద ఉడుకుతుంది కాబట్టి వేడివేడిగా తింటే భయం లేదు. కోనసీమవాళ్ళు ఆ పిండినే పనసాకు బుట్టల్లో పోసి పొట్టిక్కలు చేస్తారు, ఆ వాసనకి నేనైతే నాలుగు ఎక్కువే తింటాను. వానల్లో ప్రమాదం ఇడ్లీతో రాదు, చట్నీతో వస్తుంది. పచ్చి నీళ్ళు పోసి రుబ్బిన కొబ్బరి చట్నీ ఉక్కకి తొమ్మిదింటికల్లా వాసన మారుతుంది. బండి దగ్గర తినేటప్పుడు నేను చట్నీ వదిలి కారప్పొడి అడుగుతాను. బొంబాయి చట్నీ కూడా పర్వాలేదు, ఉడికినదే కదా.

ధనుర్మాసం వచ్చేసరికి తగువు దానంతటదే సద్దుమణుగుతుంది. చలికి అన్నం తోడుకోదు, ఇడ్లీ పిండి పొంగదు. అమ్మ గిన్నెకి దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పెట్టినా లాభం ఉండదు. పైగా సార్వా కోతలైన కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, దాన్ని నానబెడితే జావే. పెసరట్టుకైతే పిండి పులియక్కర్లేదు. రాత్రి నానబెట్టి పొద్దున అల్లం, పచ్చిమిరప, జీలకర్ర వేసి రుబ్బితే చాలు. 100 గ్రాముల పెసల్లో మాంసకృత్తులు 22 నుంచి 24 గ్రాములు, బియ్యంలో ఎనిమిది లోపే. పొట్టుతో రుబ్బుతాం కాబట్టి పీచూ పోదు, షుగరు నెమ్మదిగా ఎక్కుతుంది. 60 గ్రాముల పెసలతో రెండు అట్లొస్తాయి. వాటిలోని పద్నాలుగు గ్రాముల దాకా మాంసకృత్తులు బియ్యం నుంచి రావాలంటే 170 గ్రాములకి పైగా వండాలి. నాన్నలాంటివాళ్ళకి చలికాలమే కాదు, పన్నెండు నెలలూ ఇదే మేలని నా లెక్క. దిబ్బరొట్టె కూడా పెట్టొచ్చు కదా అంటారు. మా ఇంట్లో దాన్ని చెరుకు పానకం లేకుండా తినే మనిషి లేడు కాబట్టి నాన్నకి వద్దు.

ఇక రాగి జావ. అందులో కాల్షియం ఎక్కువన్న మాట నిజం. 100 గ్రాముల పిండిలో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కానీ గ్లాసు జావలో పడేది రెండు మూడు చెంచాల పిండి, 25, 30 గ్రాములు. అంటే వంద మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకి రోజుకి కావలసింది వెయ్యి. మెత్తటి పిండి పల్చగా కాస్తే తొందరగా అరిగిపోతుంది, బెల్లం పడితే షుగరువాళ్ళకి ఇంకా తొందర. చంటిపిల్లల తల్లికీ జ్వరం తగ్గినవాళ్ళకీ మంచిదే. పొద్దుటి భోజనం బదులు మాత్రం అది చాలదు. "చద్దన్నం తిన్నమ్మ మొగుడి ఆకలి ఎరగద"ని సామెత, జావ తాగినమ్మ పదకొండింటికే తన ఆకలి ఎరుగుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఏర్పాటు ఇదీ: ఎండల్లో అమ్మకీ తమ్ముడికీ నాకూ తోడుపెట్టిన చద్దన్నం, తమ్ముడికి గిన్నెలో సగమే, కునుకు రాకుండా. నాన్నకి రెండు పెసరట్లు, అల్లం పచ్చడి కొంచెం, అదీ బెల్లం తగ్గించి. ఆయన నోరు మెదపకుండా తింటున్నారు. ఆదివారం పొద్దున మాత్రం పాలకని వెళ్ళి గంట తర్వాత వస్తున్నారు. సెంటర్లో బండి దగ్గర ఉప్మా పెసరట్టు వేస్తారు, మధ్యలో గరిటెడు ఉప్మా పెట్టి, పైన నెయ్యి. పాల ప్యాకెట్ మీద అల్లం పచ్చడి మరక చూసి అమ్మ నా వైపు చూసింది. నేను పేపరు తిరగేశాను.