బల్ల అంచు దాటిన గోళీ: ఆరేళ్లు వాడిన ప్రక్షేపక చలన పరికరంపై సమీక్ష

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రక్షేపక చలనం, అంటే గాలిలోకి వదిలిన వస్తువు ముందుకు సాగుతూ కిందికి పడే తీరు, చూపడానికి నేను తయారు చేసుకున్న పరికరాన్ని ఆరేళ్లుగా వాడుతున్నాను. కిటికీలు చేసే దుకాణంలో మిగిలిన, లోపలి వెడల్పు 10 మిల్లీమీటర్లున్న అల్యూమినియం ఛానెల్, దాన్ని వంపుగా నిలిపే ప్లైవుడ్ పలక, 19 మిల్లీమీటర్ల స్టీలు బేరింగు గోళీ, తెల్లకాగితం, కార్బన్ పేపరు ఉంటే చాలు. ఛానెల్ మీదుగా దిగిన గోళీ బల్ల అంచు దాటి, నేలపై పరిచిన కార్బన్ పేపరు మీద పడి, కింది కాగితంపై నల్లని చుక్క మిగులుస్తుంది.

దీని విలువ నాకు బోధపడింది లెక్క తప్పినప్పుడే. బల్ల ఎత్తు 80 సెంటీమీటర్లు ఉన్నప్పుడు గోళీని బల్ల మట్టానికి 20 సెంటీమీటర్ల పైనుంచి వదిలితే, స్థితిజశక్తి (ఎత్తు వల్ల కలిగిన శక్తి) అంతా ముందుకు సాగే వేగంగా మారిందనుకుని కట్టిన లెక్కలో వ్యాప్తి, అంటే బల్ల అంచు నుంచి గోళీ పడే దూరం, సరిగ్గా 80 సెంటీమీటర్లు వస్తుంది. చుక్కలు మాత్రం 64 దగ్గర, రూపాయి నాణెం పట్టేంత చోటులోనే, గుంపుగా పడతాయి. విద్యార్థులు మొదట గాలిని, తర్వాత ఘర్షణను అనుమానిస్తారు. నిజానికి గోళీ జారడం లేదు, దొర్లుతోంది. చదునైన తలం మీద దొర్లే గోళీ శక్తిలో ఏడింట రెండు వంతులు దాని భ్రమణానికే పోతాయి కనుక వ్యాప్తి 67.6కు తగ్గుతుంది. మా గోళీ ఛానెల్ అడుగును తాకకుండా రెండు అంచుల మీద ఆనుకుని దొర్లుతుంది కాబట్టి, ఒక్కో చుట్టుకు అది సాగే దూరం తగ్గి, భ్రమణం వాటా ఇంకా పెరుగుతుంది. దాన్ని కూడా కలుపుకుంటే లెక్క 64కు దిగుతుంది. 1608 నాటిదిగా చరిత్రకారులు భావించే గెలీలియో చేతిరాత పుటలోనూ, బల్ల మీదుగా పడిన గోళీల దూరాల పక్కనే, లెక్కకూ కొలతకూ మధ్య తేడాలు రాసి ఉన్నాయి. ఆ సంగతి చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోవడం నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

ఛానెల్ చివరి భాగాన్ని ప్రతిసారీ రసమట్టంతో సరిచూడాలి. రెండు డిగ్రీలు పైకి లేచినా వ్యాప్తి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. గోళీని వేళ్లతో వదలకుండా, అడ్డుపెట్టిన స్కేలును తీసి వదలాలి. కోణం మార్చి 45 డిగ్రీల వద్ద గరిష్ఠ వ్యాప్తి చూపడం దీనితో కాదు, అది నిజమైన లోటే. అందుకోసం కొన్న స్ప్రింగు పరికరం రెండేళ్లకే బిగువు కోల్పోయి ఒక్కోసారి ఒక్కో దూరం విసరసాగింది.

ముందుకు సాగే గోళీ, నిట్టనిలువుగా పడే గోళీ ఒకేసారి నేలను తాకుతాయని చూపడానికి తర్వాత ఒక విద్యుదయస్కాంతం (తీగ చుట్టిన ఇనుప మేకు) చేర్చాను. మొదటి గోళీ అంచు దాటగానే విద్యుత్ వలయం తెగి, అదే ఎత్తులో వేలాడే రెండో గోళీ నిట్టనిలువుగా పడాలి. మొదట్లో మేకులో మిగిలే అయస్కాంతత్వం వల్ల రెండోది ఆలస్యంగా ఊడేది. మేకు కొనకు చిన్న కాగితం ముక్క అంటించాక రెండు గోళీలూ ఒకే చప్పుడుతో నేలను తాకుతున్నాయి.