ఘాట్ దిగుడులో పెట్రోలు లెక్క: 650 రూపాయల ఓబీడీ డాంగిల్‌తో నా అనుభవం

సోమవారం తెల్లవారుజామున పెందుర్తి నుంచి అరకు ఎక్కుతాను, శనివారం బడి విడిచాక దిగుతాను. అక్కడ సైన్సు చెబుతాను. బండి 2020 మోడల్ వ్యాగన్ ఆర్, 1.2 పెట్రోలు, మామూలు గేర్లది. బండి కంప్యూటరులోని అంకెల్ని ఫోనులో చూపించే ఈ ఓబీడీ డాంగిల్ కొన్నది రిపేర్ల కోసం కాదు, ఇంట్లో తెగని ఒక వాదన తేల్చుకుందామని.

మా నాన్న ఇదే ఘాట్‌లో ఏళ్ల తరబడి అంబాసిడర్ టాక్సీ నడిపారు. గాలికొండ దాటగానే న్యూట్రల్ కొట్టి, బ్రేకు మీద కాలేసి దింపేవారు. నేను గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి దిగుతుంటే, "ఇంజను అంత అరుస్తోంది, పెట్రోలు తాగదా తల్లీ?" అని అడగని శనివారం లేదు. కొత్త బండ్లలో అలా తాగదని పుస్తకంలో చదివాను. కళ్లారా చూపిస్తే తప్ప ఆయన ఒప్పుకోరు. నిజానికి నాకూ చూడాలనే ఉంది.

ఈ డాంగిల్ అగ్గిపెట్టె అంత ఉంటుంది. స్టీరింగు కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది కదా, మెకానిక్‌లు స్కానరు పెట్టేది, అందులో గుచ్చాలి. బ్లూటూత్‌తో ఫోనుకి కలపాలి, పిన్ 1234. అంకెలు ఫోనులో వేసుకున్న యాప్‌లో కనిపిస్తాయి. డబ్బా మీద లోపలి చిప్ పేరు ఈఎల్ఎం 327, వెర్షన్ 1.5 అని ఉంది. అసలు చిప్ చేసిన కెనడా కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ విడుదల చేయలేదు, కాబట్టి ఇది నకలే. నకలైనా నాకు కావలసిన అంకెలు చూపించింది. మొదట వేరే అమ్మకందారు దగ్గర 300 పెట్టి కొన్నది మాత్రం ఫోనుకి కలిసేది, బండితో మాట్లాడేది కాదు. వాపసు కోసం మూడు వారాలు తిరిగాను. ఇంకో మాట, ఈ రకం ఆండ్రాయిడ్ ఫోన్లకే. ఐఫోను ఉన్నవాళ్లు బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) రకమో వైఫై రకమో అడిగి తీసుకోండి.

ఇక అసలు సంగతి. మొదటి శనివారం నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టి ఫోను ఆయన చేతికిచ్చాను. బయలుదేరే ముందు, బండి నిలబెట్టి న్యూట్రల్‌లో చూస్తే యాప్ గంటకి 0.7 లీటరు చూపించింది. అనంతగిరి దాటాక మూడో గేరులో, కాలు తీసేసి, నలభైలో దిగుతుంటే 1.5 చూపించింది. రెట్టింపు! "చెప్పానా?" అన్నారు నాన్న. నాకు మాట రాలేదు.

ఆ రాత్రి కూర్చుని ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోందో వెతికాను. యాప్ పెట్రోలుని కొలవదు. ఇంజనులోకి పోయే గాలిని లెక్కగట్టి, ప్రతి 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు పోయి ఉంటుందని ఊహిస్తుంది. రోడ్డు మీద మామూలుగా వెళ్లేటప్పుడు ఆ ఊహ దాదాపు సరిపోతుంది. దిగుడులో మాత్రం పూర్తిగా తప్పుతుంది. అక్కడ ఇంజనుని చక్రాలే తిప్పుతుంటాయి, గాలి పోతూనే ఉంటుంది, కంప్యూటరేమో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లని మూసేస్తుంది. గాలి ఉంది కదా అని యాప్ పెట్రోలు లెక్క రాసేస్తోంది. ఈ డాంగిల్ కొన్నవాళ్లు చాలామంది ఇక్కడే మోసపోయి, న్యూట్రలే మేలనుకుని ఉంటారని నా భయం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చూడాల్సింది, పొగలో ఆక్సిజన్ మిగిలిందో లేదో చెప్పే ఆక్సిజన్ సెన్సారు వోల్టేజి. పొగగొట్టంలో, పొగని శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టరు తర్వాత ఉండే రెండో సెన్సారుది. యాప్‌లో దాన్ని విడిగా ఎంచుకోవాలి. రెండో శనివారం అదే పెట్టాను. చదును రోడ్డు మీద 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంది. దిగుడు మొదలై కాలు తీశాక రెండు మూడు క్షణాల్లో సున్నాకి పడిపోయింది. న్యూట్రల్‌లో అలా పడదు, ఎందుకంటే ఇంజను ఆగిపోకుండా ఉండాలంటే పెట్రోలు పోయాల్సిందే.

"సున్నా అంటే ఏంటమ్మా?"

"పొగగొట్టంలో పొగ లేదు నాన్నా, వట్టి గాలే పోతోంది."

డముకు దాకా ఆయన ఫోను దించలేదు. కాలు మోపితే అంకె లేవడం, తీస్తే పడడం చూస్తూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా, "మా బండికి కార్బురేటర్ కదా, గేరులో ఉంచినా పీల్చేసేది" అన్నారు. అది నిజం. ఆయన బండికి ఆయన లెక్క తప్పు కాదు.

నా బండిలో ఇంజను చుట్లు నిమిషానికి 1,200కి దిగాక పెట్రోలు మళ్లీ మొదలవుతుంది, ఏసీ వేస్తే ఇంకాస్త ముందే. అందుకని వేగం తగ్గినకొద్దీ గేరు దించుకోవాలి. చిన్న వాలులో మాత్రం గేరులో బండి త్వరగా మందగించి మళ్లీ కాలు మోపాల్సొస్తుంది. అక్కడ లాభం లేదు. ముందు సిగ్నలో, స్పీడ్ బ్రేకరో కనిపిస్తున్నప్పుడు దూరం నుంచే కాలు తీసేస్తే బాగా కలిసొస్తుంది.

డబ్బు పరంగా పెద్దగా ఆశ పెట్టుకోకండి. నలభై నిమిషాల దిగుడంతా న్యూట్రల్‌లో వచ్చినా తాగేది అర లీటరు లోపే. అది మొత్తం మిగిలినా వారానికి యాభై రూపాయలు. నాకు ముఖ్యం బ్రేకులు. మాతో కలిపి బండి టన్ను బరువు, ఎనిమిది వందల మీటర్లు దిగుతాం. ఆ శక్తి పాతిక లీటర్ల నీళ్లు మరిగించడానికి సరిపోతుంది. సగం గాలీ టైర్లూ తినేశాయనుకున్నా, న్యూట్రల్‌లో మిగతా సగం బ్రేకులే మింగాలి. వాటికి కాగే కొద్దీ పట్టు తగ్గుతుంది. కాశీపట్నంలో ఆగిన బండ్ల దగ్గర కాలిన వాసన ఎన్నిసార్లు చూశానో. ఇంజను ఆపేసి దింపేవాళ్లకైతే రెండు చేతులూ జోడిస్తున్నాను. నాలుగైదు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా అయిపోతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది.

డాంగిల్‌లో నాకు నచ్చనిది ఒక్కటే. ఆ సాకెట్‌కి తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది, వారమంతా వదిలేస్తే బ్యాటరీ దిగుతుంది. పని అవగానే పీకేయాలి. మా స్టాఫ్ రూములో ఇప్పుడు అది చేతులు మారుతోంది. మొన్న లెక్కల మాస్టారి డీజిల్ బండికి పెడితే నేను చెప్పిన ఆ వోల్టేజి కనిపించనే లేదు. డీజిల్ బండి ఉన్నవాళ్లు ఈ ఒక్క పరీక్ష కోసమే అయితే కొనొద్దు.