కోర్సు మార్చుకోడానికి ఇచ్చే టీచింగ్ గ్రాంట్, తీసుకున్నాక నా మాట
మా యూనివర్సిటీలో ఫ్యాకల్టీకిచ్చే టీచింగ్ గ్రాంట్ నా స్టాటిస్టిక్స్ కోర్సుకి తీసుకున్నా. డబ్బు కన్నా విలువైంది ఒక సెమిస్టర్ ఒక క్లాసు తగ్గించి ఇచ్చిన టైమ్, నిజంగా. లెక్చర్ సగానికి తగ్గించేసి పిల్లలు జంటలుగా కూర్చుని లెక్కలు చేసేలా మార్చా, 2014లో 225 స్టడీలు కలిపి చూసిన పరిశోధనలో సైన్స్, మ్యాథ్స్ లెక్చర్ క్లాసుల్లో దాదాపు 34 శాతం ఫెయిలైతే ఇలాంటివాటిలో 22 శాతమే అని ఉంది, ఆ ధైర్యంతోనే. ఎప్పుడూ వెనక బెంచీలో తలొంచుకు కూర్చునే అమ్మాయి ఒకరోజు లేచొచ్చి బోర్డు మీద నేను రాసిన స్టెప్పే దిద్దింది, ఎంత సంతోషమేసిందో! ఒక్కటే బాధ, అసిస్టెంట్‌గా పెట్టుకున్న స్టూడెంట్‌కి ఇవ్వాల్సిన డబ్బు సెమిస్టర్ సగమయ్యాక గానీ రాలేదు, ఇది మారాలి. అప్లై చేసేవాళ్లు పిల్లలు నేర్చుకున్నది ఎలా కొలుస్తారో ముందే రాసిపెట్టుకోండి, నన్ను కమిటీ మొదట అడిగింది అదే.