వైద్య నిర్లక్ష్యం కేసుకి కన్స్యూమర్ కోర్టు ఎలా ఉంటుంది: మా తమ్ముడి కేసు నడిపిన అనుభవం

ఆపరేషన్ వికటించి, ఆస్పత్రి వాళ్లు ముఖం చాటేస్తే ఎటు వెళ్లాలో తెలియక కూర్చున్న కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. మేం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాం, అందరూ కన్స్యూమర్ కోర్టు అనేది దీన్నే. తమ్ముడు మంచం మీద ఉంటే కాగితాల పనంతా నేనే చూశాను.

తమ్ముడికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే ల్యాప్రోస్కోపీ చేశారు. ఆ రాత్రి నుంచే కడుపు ఉబ్బి, భరించలేని నొప్పి. "గ్యాసేనమ్మా, తగ్గిపోతుంది" అని ఇంటికి పంపేశారు. ఇంటికొచ్చాక కళ్లు పచ్చబడ్డాయి. వేరే ఆస్పత్రిలో చూపిస్తే పైత్యనాళం తెగి, పైత్యం కడుపులోకి కారుతోందని తేలింది. మళ్లీ పెద్ద ఆపరేషన్ చేసి నాళాన్ని పేగుకి కలిపితే గానీ మనిషి దక్కలేదు. ఈ సర్జరీలో ఆ నాళానికి దెబ్బ తగలడం అరుదుగా జరిగేదేనని రెండో డాక్టరుగారు చెప్పారు. ఒప్పుకుంటాం. నొప్పి అని మొత్తుకుంటున్న మనిషికి ఒక్క స్కాన్ కూడా తీయకుండా డిశ్చార్జ్ చేశారే, మా గొడవ దాని గురించి.

ఎవరికైనా నేను మొదట చెప్పేది కేస్ షీట్ గురించే. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకుండా నర్సుల నోట్స్‌తో సహా మొత్తం ఫైల్ కావాలని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. మాకొచ్చిన జిరాక్సుల్లో ఒక పేజీలో రాత్రి 11.40కి నర్సు చేతిరాత ఉంది: తీవ్రమైన నొప్పి, డ్యూటీ డాక్టరుకి చెప్పాం. తెల్లవారుజామున మళ్లీ అదే మాట. తర్వాతి పేజీలో పొద్దుటి రౌండ్స్ నోట్: కంప్లయింట్స్ లేవు, డిశ్చార్జ్ చేయవచ్చు. ఆ నర్సు ఎవరో మాకు తెలీదు. మా లాయరుగారి వాదన కన్నా ఆమె రాసిన ఆ రెండు లైన్లే కేసుని నిలబెట్టాయి.

కేసు వేయడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం వచ్చాక ఆస్పత్రి ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. మా బిల్లు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. లాయరు తప్పనిసరి కాదు, కానీ వైద్యం కేసుల్లో ఉంటేనే మంచిదని నా అభిప్రాయం. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. వాళ్ల హెల్ప్‌లైన్ 15100.

ఈ కమిషన్‌లో నాకు అన్నిటికన్నా విలువగా అనిపించింది ఒకటుంది. ఫోన్ ఎత్తని ఆస్పత్రి నోటీసు అందగానే జవాబు రాయాల్సి వచ్చింది. అందుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15 రోజులు గడువు. అది దాటితే వాళ్ల జవాబు తీసుకోరు. డాక్టరు తన సంతకంతో ఏం రాశారో చదివిన రోజు తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కో లైనుకీ తనే జవాబు చెప్తుంటే నేను రాసుకున్నాను.

ఇక జాప్యం. నోటీసు అందిన 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. మాకు ఏళ్లు పట్టింది. మెంబరు లేరని, అవతలి లాయరు రాలేదని వాయిదా మీద వాయిదా. పొట్టకి బెల్టు కట్టుకున్న మనిషి వరండాలో చెక్కబెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోవాలి. ఇది నాకు చాలా కోపం తెప్పించిన విషయం. ఇక్కడికొచ్చే పేషెంట్లకి ఆరోగ్యం బాగోదని తెలిసి కూడా వాళ్లని ముందు పిలిచే పద్ధతి లేదు, దగ్గర కూర్చుని ఫారం అర్థమయ్యేలా చెప్పే మనిషి లేడు.

ఎక్స్‌పర్ట్ ఒపీనియన్, అంటే వైద్యంలో తప్పు జరిగిందని ఇంకో డాక్టరు రాసిచ్చే కాగితం, ఇంకో టెన్షన్. "తప్పు జరిగిందమ్మా" అని చెవిలో చెప్పిన డాక్టర్లున్నారు, కాగితం మీద పెట్టినవాళ్లు లేరు. అప్పుడు మాకు పనికొచ్చింది హైదరాబాద్ కేసు మీద వచ్చిన 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు. మలేరియాకి టైఫాయిడ్ మందులిచ్చిన ఆ కేసులో, నిర్లక్ష్యం కళ్లకి కనిపిస్తుంటే నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదన్నారు. హైదరాబాద్‌దే ఇంకొకటి, నిమ్స్ ఆస్పత్రి కేసు. 1990లో సర్జరీ తర్వాత నడుము కింద చచ్చుబడిన ఇంజనీరింగ్ విద్యార్థి ప్రశాంత్ ధనంక, చక్రాల కుర్చీలోనే సుప్రీంకోర్టులో తన కేసు తనే వాదించుకుని 2009లో కోటి రూపాయల పరిహారం గెలిచారు. తమ్ముడికి ఆ తీర్పు చదివి వినిపించాను. ధైర్యమూ వచ్చింది, పంతొమ్మిదేళ్లన్న మాటకి గుండె గుభేలుమంది కూడా.

డాక్టరు లైసెన్సు మీద చర్య ఈ కమిషన్ తీసుకోదు, దానికి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి వేరే ఫిర్యాదు ఇవ్వాలి. మేం ఇచ్చాం, ఇంకా పెండింగే.

ఆర్డర్ మాకు అనుకూలంగా వచ్చింది: రెండో ఆపరేషన్ ఖర్చు వడ్డీతో సహా, పైన పరిహారం. నర్సు నోట్ మీద ఒక పేరా మొత్తం రాశారు. ఆస్పత్రి అప్పీలుకి వెళ్లింది, వెళ్లాలంటే సగం సొమ్ము ముందే డిపాజిట్ చేయాలి, చేసింది. ఇప్పుడు రాష్ట్ర కమిషన్‌లో ఉంది.

వెళ్లాలనుకునేవాళ్లు గడువు మర్చిపోకండి. 2 సంవత్సరాల్లో ఫిర్యాదు పడాలి. "కూర్చుని మాట్లాడుకుందాం" అని ఆస్పత్రి వాళ్లంటే మాట్లాడండి, కానీ ఫైల్ మాత్రం ఈలోపే సిద్ధం చేసి పెట్టుకోండి.