పడోవాలో కాఫీ: నా ఓటు పోర్తెల్లోకే

మా వేదాయపాళెంలో ఎదురింటి అబ్బాయికి ఇటలీలోని పడోవా యూనివర్సిటీలో సీటొచ్చింది. "కాఫీ పడందే వాడికి పుస్తకం తెరవబుద్ధి కాదక్కా, అక్కడెట్లా?" అని వాళ్లమ్మ దిగులు. మా అమ్మాయి అక్కడే చదువుతోంది, నేనూ పోయి దాంతో ఉండొచ్చాను కాబట్టి, నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి పోయే పిల్లలందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

1222లో మొదలైన యూనివర్సిటీ అది, గెలీలియో 18 ఏళ్లు పాఠాలు చెప్పిన చోటు. చుట్టూ ప్రహరీ ఉన్న ఒకే క్యాంపస్ కాదు, డిపార్టుమెంట్లు ఊరంతా ఉన్నాయి.

పాత భవనం పలాజ్జో బో పక్కనే కఫే పెద్రోక్కి. 1831లో తెరిచారు, 1916 దాకా రాత్రీ పగలూ తలుపులే మూసేవాళ్లు కాదట. 1848 ఫిబ్రవరి 8న విద్యార్థులు, అప్పట్లో ఆ ఊరిని ఏలుతున్న ఆస్ట్రియా సైనికులతో తలపడినప్పుడు పేలిన తూటా గుర్తు తెల్ల గది గోడకు ఇప్పటికీ ఉంది, అది చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆకుపచ్చ గదిలో ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చన్నది పాత ఆనవాయితీ, చేతిలో డబ్బుల్లేని విద్యార్థికి అంతకంటే గౌరవం ఏముంటుంది! పుదీనా క్రీమ్ వేసి, పైన కోకో పొడి చల్లే వాళ్ల ప్రత్యేక కాఫీని కలపకుండానే తాగాలి. బాగుంది, అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్లండి, రోజూ తాగే కాఫీ మాత్రం అది కాదు.

డిపార్టుమెంట్లలో కాఫీ మిషన్లుంటాయి. చవక, పరీక్షల టైంలో నిద్ర ఆపడానికి సరే, రుచి అడగొద్దు. స్టేషన్ దగ్గర ఒకచోట టేబుల్ దగ్గర కూర్చున్నందుకు బిల్లు బాగా పెంచేశారు. ఇటలీలో నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర, అందుకే ధరల పట్టీ చూశాకే కుర్చీ లాగండి.

నాకు బాగా నచ్చింది పోర్తెల్లో. ఇంజనీరింగ్, సైన్సు పిల్లలుండే పేట, పక్కనే కాలువ. అక్కడ మా అమ్మాయి క్లాసుకు పోతూ ఆగే చిన్న బార్‌లో (అక్కడ కాఫీ అంగడినే బార్ అంటారు) కౌంటర్ దగ్గర నిలబడి తాగితే కాఫీ 1.30 యూరోల దరిదాపుల్లో, పక్కనే గ్లాసు నీళ్లు. పాలు లేని చిక్కటి కాఫీ, ఉత్త ఎస్ప్రెస్సో, 30 మిల్లీలీటర్లు కూడా ఉండదు, చికోరీ కలిసిన డికాషన్‌కీ చిక్కటి పాలకీ అలవాటు పడ్డ మన నాలుకకు మొదట చేదు. నురగ పాలు పోసిన కపుచినో అడగండి, కానీ వాళ్లు పాలను 60, 65 డిగ్రీల దగ్గరే ఆపేస్తారు, మనకు చల్లారిపోయినట్టుంటుంది. "బొల్లెంతే" (బాగా వేడిగా) అని అడిగితే పొగలు కక్కేట్టు ఇస్తారు. మధ్యాహ్నం తర్వాత అక్కడివాళ్లు కపుచినో తాగరు, మీరడిగితే ఇస్తారు, మొహమాటం వద్దు. ఇంకో మాట, మన దేశపు కాఫీ గింజలు ఎక్కువగా కొనే దేశం ఇటలీనే, మన గింజ ఆ కప్పులోనూ ఉండొచ్చని నాకెంత సంబరమో.

ఆగస్టు 15 చుట్టుపక్కల అక్కడ వేసవి సెలవులు, చిన్న అంగళ్లు చాలావరకు మూసేస్తారు. ఆ రోజులకోసం పెట్టెలో స్టీలు ఫిల్టరూ, రెండు ప్యాకెట్ల పొడీ పెట్టమని ఎదురింటావిడకు చెప్పాను.