పిల్లల టెన్నిస్ ఎర్ర బంతి: వ్యాయామ ఉపాధ్యాయుడి సమీక్ష

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య పిల్లల కోసం ఎరుపు, నారింజ, ఆకుపచ్చ అని మూడు దశల బంతులను నిర్దేశించింది. 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల టోర్నమెంట్లలో పెద్దల పసుపు బంతి వాడకూడదన్న నిబంధన కూడా అమలులో ఉంది. ఈ మూడింటిలో ఎనిమిదేళ్లలోపు వారికి ఉద్దేశించిన ఎర్ర బంతిని మా బడిలో ఒకటి, రెండు తరగతుల ఆటల పీరియడ్‌లో వాడుతున్నాను. టెన్నిస్ కోర్టు లేని ప్రాథమిక పాఠశాలలు కూడా కొనదగిన వస్తువు ఇది.

254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే పసుపు బంతి 135 సెంటీమీటర్లకు పైగా లేస్తుంది. అంటే ఆరేళ్ల బిడ్డ తల దాటిపోతుంది. ఎర్ర బంతి 105 దాటదు. పైగా అది పసుపు బంతి కంటే కాస్త పెద్దది, తేలికైనది, నెమ్మదిగా వస్తుంది. ఈ వయసు పిల్లలకు ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని అంచనా వేసి చేతులు సిద్ధం చేసుకునే నేర్పు ఇంకా పూర్తిగా రాదు కాబట్టి ఆ కాస్త వ్యవధి ఎంతో విలువైనది. పసుపు బంతి విసిరినప్పుడు ముఖం పక్కకు తిప్పి, కళ్లు మూసుకుని, రెండు చేతులతో గుండెకు అదుముకోబోయే ఒకటో తరగతి పాప, ఎర్ర బంతిని చివరిదాకా చూస్తూ అరచేతులతోనే అందుకోవడం నేను దగ్గరనుంచి గమనించాను. భయం తగ్గినప్పుడే పట్టు కుదురుతుంది.

లోపాలూ ఉన్నాయి. మేము కొన్న బంతుల పైనున్న నూగు మొరం నేల మీద త్వరగా అరిగిపోయింది. వానాకాలంలో తడిస్తే బంతి బరువెక్కి సరిగా లేవదు. వరండాలో ఆడించేవారికి స్పాంజి రకం నయం.

ప్యాకెట్ మీద రాసిన వయసునే ప్రమాణంగా తీసుకోవద్దని ఉపాధ్యాయులకు నా మనవి. ఒకే తరగతిలో ఒకరు బంతిని దొర్లించే దశలోనే ఉంటే, మరొకరు బ్యాటుతో వరుసగా కొట్టగలుగుతారు. మొదటివారికి ఎర్ర బంతి కూడా వేగమే, రెండోవారికి నారింజ బంతి ఇవ్వవచ్చు. రాకెట్లు కొనే స్తోమత లేకపోతే చిన్న చెక్క బ్యాట్లు సరిపోతాయి, 68.5 సెంటీమీటర్ల పెద్దల రాకెట్ మాత్రం ఈ పిల్లల చేతికి ఇవ్వకండి.