రివెట్టా, వెల్డింగా, బోల్టా: ఏది మేలు?

"వెల్డింగ్ పెట్టేయండి, గట్టిగా ఉంటుంది." మా షెడ్డుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది నోట ముందు వచ్చే మాట ఇదే. కిటికీ గ్రిల్లు, మెట్ల రెయిలింగు, రేకుల షెడ్డు ట్రస్సు అయితే నేనూ అదే చేస్తాను. రంధ్రాలు వేసే పని లేదు, ప్లేటు మీద ప్లేటు ఎక్కించక్కర్లేదు, ఇనుము ఆదా.

అదే మాట కొలాప్సిబుల్ గేటు దగ్గర చెల్లదు. పట్టీలు అడ్డంగా దాటుకునే ప్రతిచోటా ఉండేది రివెట్టే, అంటే రంధ్రంలో దూర్చి, అవతలి కొనను సుత్తితో కొట్టి తలగా మార్చే లోహపు కాడ. అక్కడ వెల్డింగ్ పెడితే గేటు మడత పడదు. మామూలు బోల్టు పెడితే రోజూ లాగే కుదుపుకు నట్టు వదులవుతుంది. రివెట్టుకు మరలే లేవు, విప్పుకుని రావడానికి. రివెట్టు కొట్టడంలో మెలకువంతా కాడ పొడవులోనే ఉంది. ప్లేట్లు దాటి, దాని లావుకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బయటికి రావాలి. తక్కువైతే తల నిండదు, ఎక్కువైతే సుత్తి దెబ్బకు కాడ పక్కకు వాలిపోతుంది.

వంతెనలకైతే ఎర్రగా కాల్చి కొట్టేవారు. చల్లారేకొద్దీ కాడ కురచై రెండు ప్లేట్లనూ అదిమి పట్టుకుంటుంది. 1943లో తెరిచిన హౌరా వంతెనలో 26,500 టన్నుల ఉక్కును ఇలా రివెట్లతోనే కలిపారు.

అదే ఏడాది జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో, స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకరు ఓడ కట్టేసిన చోటే రెండుగా విరిగింది. అది వెల్డింగ్ ఓడ. చలికి పెళుసెక్కిన ఉక్కులో బీట మొదలైతే, అంతా ఒకటే లోహం కాబట్టి ఆగకుండా పాకిపోయింది. రివెట్ల అతుకులో ప్లేటు అంచు దగ్గర చాలావరకు ఆగుతుంది. ఆ తర్వాత కొన్ని వెల్డింగ్ ఓడలకు, బీటలు పాకకుండా రివెట్లతో పట్టీలు వేశారు. ఇప్పటి ఉక్కు, ఇప్పటి పరీక్షలు వేరు. వెల్డింగ్‌ను నేను తక్కువ చేయను. కొత్త వంతెనల్లో సైటు మీద బిగించే చోట హైటెన్షన్ బోల్టులే (చాలా బిగుతుగా బిగించే గట్టి ఉక్కు బోల్టులు) మేలు. అదిమి పట్టే పని అవీ చేస్తాయి, కొలిమి అక్కర్లేదు.

పల్చటి జీఐ రేకుకు మాత్రం వెల్డింగ్ వద్దే వద్దు. రేకు చిల్లు పడుతుంది, జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చిన కుర్రాడికి రాత్రికి చలిజ్వరం. పాప్ రివెట్టు, అంటే ఒకవైపు నుంచే గన్నుతో లాగి బిగించే రివెట్టు, వేయండి. వెనక చేయి దూరకపోయినా పని అయిపోతుంది.

పాత గేటు బాగుకు వస్తే ముందు నేను చేసేది ఒకటే. రివెట్టు తలకూ ప్లేటుకూ కలిపి ఎడమ వేలు ఆనించి, అవతలి తల మీద చిన్న సుత్తితో తడతాను. వదులైతే కదలిక వేలికి తగులుతుంది. వెల్డింగ్ లోపలి పగులు వేలికి అందదు.